బ్యాటరీ మార్చే ముందు, అది ఎందుకు దిగిపోయిందో తేల్చుకోండి

మీరు అడిగిన విషయాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. మూడేళ్ల కిందట కొన్న 350 సీసీ బండి, ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్నది, కిక్ లేనిది. వేసవిలో డెబ్బై రోజులు ఊళ్లో గడిపి హైదరాబాదు తిరిగి వచ్చేసరికి, అపార్ట్‌మెంటు సెల్లారులో నిలిపి ఉంచిన ఆ బండి సెల్ఫ్ నొక్కితే ‘టకటకటక’మని చప్పుడు చేసి ఊరుకుంటోంది, మీటరు దీపాలు మసకబారుతున్నాయి. దగ్గరలోని షెడ్డులో చూసినవారు బ్యాటరీ పోయింది, మార్చాల్సిందే అన్నారు. దొంగల భయంతో ఆరు నెలల కిందట జీపీఎస్ ట్రాకరు పెట్టించానని కూడా మీరు రాశారు. తోసి స్టార్టు చేయవచ్చా, కారు బ్యాటరీ నుంచి కరెంటు ఇవ్వవచ్చా, కొత్తది కొంటే ఏది కొనాలి అన్నవి మీ ప్రశ్నలు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఏళ్లకు పైగా ద్విచక్ర వాహనాల ఎలక్ట్రికల్ పని చేస్తున్నాను. ఈ ఇరవై ఏళ్లలో నా దగ్గరికి ‘పోయింది’ అని వచ్చిన బ్యాటరీలలో చాలావాటికి కావలసింది ఒక రాత్రి చార్జింగ్ మాత్రమే. మన మాటలోనే ఆ తేడా ఉంది. దిగిపోయిన బ్యాటరీ వేరు, పోయిన బ్యాటరీ వేరు. మొదటిది ఖాళీ అయిన కుండ, రెండోది పగిలిన కుండ. మీది ఏదో తేల్చుకోకుండా డబ్బు పెట్టవద్దని నా మొదటి విన్నపం. రెండో విన్నపం ఇంకా ముఖ్యమైనది. అది దిగిపోయిన కారణాన్ని పట్టుకోకుండా కొత్త బ్యాటరీ వేస్తే, ఆ కొత్తది కూడా అదే దారిన పోతుంది.

మీ విషయంలో కారణం దాదాపు మీ ప్రశ్నలోనే ఉంది. లెక్క వేసి చూడండి. డెబ్బై రోజులంటే 1,680 గంటలు. మీ బ్యాటరీ మీద 8 ఆంపియర్ అవర్ అని ఉందని రాశారు, అంటే 8 ఆంపియర్ల కరెంటు గంటసేపు ఇచ్చేంత సరుకు. ఎక్కడైనా కేవలం 5 మిల్లీ ఆంపియర్ల (ఆంపియరులో వెయ్యోవంతును మిల్లీ ఆంపియరు అంటాం) కరెంటు తెగకుండా పారుతూ ఉంటే, ఆ గంటలన్నింటిలో 8.4 ఆంపియర్ అవర్ ఖర్చవుతుంది. నిండు బ్యాటరీ అడుగంటుతుంది. తాళం తీసేసినా బండి గడియారం, కంప్యూటరు కొద్దిపాటి కరెంటు తాగుతూనే ఉంటాయి. దానికి ట్రాకరు తోడైతే 5 మిల్లీ ఆంపియర్లు దాటడం ఏమంత కష్టం కాదు. పైగా సీసపు బ్యాటరీ ఏ తీగా తగిలించకపోయినా తనంతట తానే కొంత కొంత దిగుతుంది. వేడి పది డిగ్రీలు పెరిగిన కొద్దీ ఆ దిగుడు ఇంచుమించు రెట్టింపవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన ప్రాంతంలో గాలి ఆడని సెల్లారు ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు.

ఇక ఆ టకటక చప్పుడు సంగతి. అది సెల్ఫ్ రిలే, అంటే బటన్ నొక్కితే సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే స్విచ్చి, చేసే చప్పుడు. మీరు బటన్ నొక్కగానే రిలే కలుస్తుంది, మోటారు పదుల కొద్దీ ఆంపియర్లు లాగుతుంది, బలం లేని బ్యాటరీ వోల్టేజి ఒక్కసారిగా కూలిపోతుంది, దానితో రిలే విడిపోతుంది. భారం తగ్గగానే వోల్టేజి మళ్లీ లేచి రిలే మళ్లీ కలుస్తుంది. క్షణానికి అనేకసార్లు ఇదే జరిగితే మనకు ఆ టకటక వినిపిస్తుంది. ఒకవేళ ఒకే ఒక్క ‘టక్’ మని ఆగిపోతే, దీపాలు కాంతివంతంగానే ఉంటే, సెల్ఫ్ మోటారునో రిలేనో అనుమానించాలి. దీపాలు బాగానే ఉండి ఏ చప్పుడూ లేకపోతే ముందు కిల్ స్విచ్చి, సైడ్ స్టాండు, క్లచ్ లివరు దగ్గరి స్విచ్చి చూడాలి. తాళం తిప్పినా అసలు ఏ దీపమూ వెలగకపోతే మెయిన్ ఫ్యూజు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి మీ బండి మొదటి కోవలోకే వస్తుంది, కానీ అదే లక్షణం వదులైన టెర్మినల్ (బ్యాటరీకి తీగ బిగించే కొస) వల్ల కూడా వస్తుంది. కాబట్టి చార్జరు కోసం పరుగెత్తే ముందు ప్యానెల్ విప్పి టెర్మినళ్లు చూడండి.

ఇక్కడ కొంచెం ఓపిక కావాలి. బైకు బ్యాటరీ టెర్మినల్‌కు మధ్యలో చిన్న చతురస్రపు నట్టు ఒకటి వదులుగా కూర్చుని ఉంటుంది. బోల్టు తీయగానే అది కిందకు జారిపోతుంది. మళ్లీ బిగించేటప్పుడు బోల్టుకు అందదు, అందినా సగం మరలే పడుతుంది, అలా సగం బిగిసిన తీగ రెండు నెలల కుదుపులకు వదులవుతుంది. మేము ఆ నట్టు కింద పాత సైకిల్ ట్యూబు ముక్క ఒకటి మడిచి పెడతాం. నట్టు పైకి లేచి నిలబడుతుంది, బోల్టు తిన్నగా దిగుతుంది. టెర్మినల్ చుట్టూ తెల్లగానో ఆకుపచ్చగానో పొడి పేరుకుని ఉంటే, తీగలు విప్పి, వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత టూత్ బ్రష్‌తో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టి, తిరిగి బిగించిన తరువాత పైన పలుచగా వాసెలిన్ రాయండి. విప్పేటప్పుడు ఎప్పుడూ నెగెటివ్ తీగ ముందు, పాజిటివ్ తరువాత. బిగించేటప్పుడు పాజిటివ్ ముందు, నెగెటివ్ తరువాత. ఇది ఆచారం కాదు. బండి ఫ్రేము మొత్తం నెగెటివ్‌కే కలిసి ఉంటుంది. నెగెటివ్ తీయకుండా పాజిటివ్ బోల్టు విప్పబోయి స్పానరు పొరపాటున ఫ్రేముకు తగిలితే, మెరుపు మెరిసినట్టు నిప్పురవ్వలు లేస్తాయి, స్పానరు చేతిలోనే కాలుతుంది. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రవాడి వేలి ఉంగరం అలా కాలి చర్మం ఊడింది. ఉంగరం, స్టీలు పట్టీ ఉన్న గడియారం తీసి పక్కన పెట్టిన తరువాతే చెయ్యి పెట్టండి.

తరువాత వోల్టేజి, కరెంటు కొలిచే మల్టీమీటరు ఒకటి సంపాదించండి. కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది, కొత్త బ్యాటరీ ధరతో పోలిస్తే అది ఖర్చే కాదు. డీసీ వోల్టుల మీద పెట్టి, బండి ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ రెండు కొసల మధ్య కొలవండి. బ్యాటరీ లోపల ఆరు అరలు ఉంటాయి, వాటినే సెల్‌లు అంటాం, ఒక్కొక్కటి రెండు వోల్టులకు కాస్త ఎక్కువ. అందుకే నిండుగా ఉన్న సీల్డు బ్యాటరీ విశ్రాంతిలో 12.7 నుంచి 12.9 దాకా చూపుతుంది. 12.2 దగ్గర ఉంటే ఇంచుమించు సగం, 12 కంటే తగ్గితే దాదాపు ఖాళీ. మీది 11 ప్రాంతంలో ఉంటుందని నా అంచనా.

ఖాళీగా ఉండడం వల్ల బ్యాటరీకి జరిగే నష్టం ఏమిటో చెబుతాను, ఎందుకంటే తొందర ఎందుకు పడాలో అప్పుడే అర్థమవుతుంది. కరెంటు ఇస్తున్నంతసేపూ లోపలి సీసపు పలకల మీద సీసపు సల్ఫేటు ఏర్పడుతూ ఉంటుంది. వెంటనే చార్జింగ్ పెడితే ఆ సల్ఫేటు తిరిగి కరిగి సీసంగా, గంధకామ్లంగా మారిపోతుంది. అలాగే వదిలేస్తే, అన్నం మెతుకులు గిన్నెకు ఎండి అంటుకున్నట్టు, అది గట్టి స్ఫటికాలుగా పేరుకుని ఇక కరగదు. ఎంత భాగం అలా గట్టిపడితే అంత భాగం పలక పనికిరాకుండా పోయినట్టే. మీ బ్యాటరీ డెబ్బై రోజులూ ఖాళీగా లేదు. మెల్లమెల్లగా దిగుతూ చివరి వారాల్లో అడుగంటి ఉంటుంది. అందువల్ల తిరిగి లేచే అవకాశం ఉంది, కానీ ఈ వారం చేయవలసిన పనిని వచ్చే నెలకు వాయిదా వేస్తే ఆ అవకాశం తగ్గిపోతుంది.

చార్జింగ్ విషయంలో గుర్తుంచుకోవలసినది ఒక్కటే. బ్యాటరీ సామర్థ్యంలో పదోవంతు కరెంటు చాలు. 8 ఆంపియర్ అవర్ బ్యాటరీకి 0.8 ఆంపియర్, పది పన్నెండు గంటలు. బ్యాటరీ పక్కన అంటించిన కాగితం మీద కూడా ఈ అంకె అచ్చు వేసి ఉంటుంది, చదవండి. బైకుల కోసమని అమ్మే ఆటోమేటిక్ చార్జరు అయితే నిండగానే తానే తగ్గించుకుంటుంది. బ్యాటరీ దుకాణంలో ఇస్తే మాత్రం దగ్గర నిలబడి అడగండి; కొన్నిచోట్ల పెద్ద బ్యాటరీల వరుసలో దీన్ని కూడా కలిపి, వాటికి ఇచ్చే కరెంటే దీనికీ ఎక్కిస్తారు. చిన్న బ్యాటరీ వేడెక్కి, ఉబ్బి, లోపలి తడి ఆవిరై పాడవుతుంది. సీల్డు బ్యాటరీలో మనం తిరిగి నీళ్లు పోయలేం. ఇంట్లో పెట్టుకుంటే గాలి ఆడే చోట పెట్టండి, ఎందుకంటే చార్జింగ్‌లో హైడ్రోజన్ వెలువడవచ్చు. దీపం, అగరువత్తి, సిగరెట్టు దరిదాపుల్లో ఉండకూడదు. చార్జింగ్ సమయంలో చేయి పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉండడం సహజం, చేయి నిలవనంత వేడిగా ఉంటే వెంటనే ఆపేయండి.

ఒక చిక్కు ఎదురు కావచ్చు. బాగా దిగిపోయిన బ్యాటరీని కొన్ని ఆటోమేటిక్ చార్జర్లు గుర్తించవు. ఎర్ర దీపం చూపి ఊరుకుంటాయి. దాన్ని చూసి బ్యాటరీ పోయిందని నిర్ణయించుకోవద్దు. బాగున్న మరొక 12 వోల్టుల బ్యాటరీని ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ తీగలతో కలిపి, చార్జరును ఆ జంటకు పెట్టి, పది నిమిషాలు పక్కనే ఉండి చూడండి. తరువాత బాగున్నదాన్ని తీసేస్తే, చార్జరు సాధారణంగా మీ బ్యాటరీని గుర్తించి పని మొదలుపెడుతుంది.

చార్జింగ్ పూర్తికాగానే కొలిస్తే అంకె మోసం చేస్తుంది. పలకల పైపైన ఉన్న బలం వల్ల 13 పైన చూపి, ఇంత మంచి బ్యాటరీనా అనిపిస్తుంది. కాబట్టి తీగలన్నీ తీసేసి ఒక రాత్రి అలాగే వదిలి, తెల్లవారి కొలవండి. 12.7 గానీ అంతకు పైన గానీ నిలిచి ఉంటే మీ బ్యాటరీ బతికే ఉంది. 12.4, 12.5 దగ్గర ఉంటే కొంత బలం పోయింది, ఇంకొన్నాళ్లు లాక్కురావచ్చు. 10.5 ప్రాంతానికి జారిపోయి ఉంటే ఆరు సెల్‌లలో ఒకటి చచ్చిపోయిందని అర్థం. ఎంత చార్జింగ్ పెట్టినా అది లేవదు, అప్పుడు షెడ్డువారు చెప్పిన మాటే నిజమవుతుంది. చివరి పరీక్ష బండి మీదే. మీటరు తీగలు బ్యాటరీకి పట్టి, వేరొకరిని సెల్ఫ్ నొక్కమనండి. మోటారు తిరుగుతున్న ఆ క్షణంలో అంకె 10 కంటే పైన ఉంటే ఏ భయమూ లేదు, 9.5 కంటే కింద పడితే మార్చుకోవడమే మంచిది.

తోసి స్టార్టు చేయడం గురించి అడిగారు. పాత కార్బ్యురేటరు బండ్లలో కొన్నింటికి స్పార్కు కరెంటు, ఇంజిను తిరిగితే కరెంటు పుట్టించే కాయిల్ నుంచే నేరుగా వచ్చేది, బ్యాటరీ లేకపోయినా కిక్ కొడితే అంటుకునేవి. మీ బండికి పెట్రోలు పంపు తిరగాలన్నా, కంప్యూటరు మేలుకోవాలన్నా బ్యాటరీ కరెంటే కావాలి. తాళం తిప్పగానే ట్యాంకులోంచి ఒకటి రెండు క్షణాలపాటు ‘జుయ్’ మన్న సన్నని శబ్దం వినండి. అది వినిపిస్తే రెండో గేరులో పెట్టి, క్లచ్ పట్టుకుని, సమతలంగా ఉన్న రోడ్డు మీద ఇద్దరు తోస్తుండగా, వేగం అందుకున్నాక క్లచ్ వదిలితే అంటుకోవచ్చు. ఆ శబ్దమే లేకపోతే ఎంత తోసినా వృథా శ్రమ. ఇంచుమించు రెండు వందల కిలోల బండిని సెల్లారు ర్యాంపు మీద తోయడం, లేదా ఆ ర్యాంపు మీదుగా కిందకు వదలడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు. ఈ సమాధానం చదివే స్కూటర్లవారికి ఒక మాట: గేర్లు లేని స్కూటరు తోస్తే స్టార్టు కాదు.

కారు బ్యాటరీ నుంచి ఇవ్వవచ్చు, రెండూ 12 వోల్టులే. కారు బ్యాటరీ పెద్దది కాబట్టి కరెంటు ఎక్కువై బండి కాలిపోతుందన్న భయం అక్కర్లేదు. సెల్ఫ్ మోటారు తనకు కావలసినంతే లాగుతుంది. అయితే కారు ఇంజిను ఆపి ఉంచాలి. నడుస్తున్న కారు 14 వోల్టులకు పైన ఇస్తుంది, ఖాళీగా ఉన్న మీ చిన్న బ్యాటరీ ఆ వోల్టేజికి హద్దు లేకుండా కరెంటు లాగి వేడెక్కుతుంది. ఎర్ర తీగ ముందు బైకు ప్లస్‌కు, తరువాత కారు ప్లస్‌కు. నల్ల తీగ కారు మైనస్‌కు, దాని రెండో కొస బైకు ఇంజినుకు రంగు లేని ఇనుప భాగం ఎక్కడైనా, బ్యాటరీకి కాస్త దూరంగా. బండి స్టార్టు అయ్యాక తిరుగు వరుసలో తీయండి. ప్లస్ మైనస్ తారుమారైతే, కాయిల్ కరెంటును బ్యాటరీకి పనికొచ్చేలా మార్చే రెక్టిఫయరులోని డయోడ్లు ఒక్క క్షణంలో కాలిపోతాయి, కాబట్టి తీగ తగిలించే ముందు గుర్తులు రెండుసార్లు చదవండి. బ్యాటరీ ఉబ్బి ఉన్నా, పగిలి ఉన్నా ఈ ప్రయత్నమే వద్దు.

బండి స్టార్టు అయిన తరువాత చాలామంది సెల్లారులోనే పావుగంట నిలబెట్టి ఇంజిను తిప్పి, బ్యాటరీ నిండిందనుకుని ఆపేస్తారు. ఐడిలింగులో బైకు కాయిల్ ఇచ్చే కరెంటు తక్కువ. 2017 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త ద్విచక్ర వాహనాలన్నింటికీ ఇంజిను తిరుగుతున్నంతసేపూ హెడ్‌లైటు వెలిగే ఉండాలన్న నిబంధన వచ్చింది కాబట్టి, ఆ కొద్ది కరెంటులో కూడా హెడ్‌లైటు వాటా పోగా బ్యాటరీకి మిగిలేది స్వల్పం. ఔటర్ రింగురోడ్డు పక్కన సర్వీసు రోడ్డు మీద గంటసేపు నడపడం, అమీర్‌పేట సిగ్నళ్ల మధ్య గంటసేపు నడపడం ఒకటి కావు. అయినా, అడుగంటిన బ్యాటరీని నింపడానికి చార్జరే సరైనది.

ఇప్పుడు నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్న భాగం. మూడేళ్ల కిందట ఒక పెద్దాయన ఎనిమిది నెలల్లో రెండు బ్యాటరీలు మార్చి, మూడోది కొనే ముందు నా దగ్గరికి వచ్చారు. రెండుసార్లూ వేరే చోట బ్యాటరీ వేసి పంపారు తప్ప, ఎవరూ బండి నడుస్తుండగా వోల్టేజి కొలవలేదు. నేను కొలిస్తే ఎంత యాక్సిలరేటరు ఇచ్చినా 12.3 దాటలేదు. ఆర్ఆర్ యూనిట్ (వోల్టేజిని హద్దులో ఉంచే రెగ్యులేటరు, రెక్టిఫయరు కలిసిన పెట్టె) కప్లరు, అంటే దాని తీగలను కలిపే ప్లగ్గు, లాగి చూస్తే, మూడు పసుపు తీగలలో ఒకదాని పిన్ను చుట్టూ ప్లాస్టిక్ కరిగి గోధుమరంగుకు మారి ఉంది. కాయిల్ మంచిదే, ఆర్ఆర్ మంచిదే, మధ్యలో ఆ ఒక్క పిన్ను దగ్గర అతుకు కాలి చాలినంత కరెంటు బ్యాటరీకి చేరడం లేదు. కప్లరు మార్చాక 14.2 వచ్చింది. ఆయన బండి కింద కూర్చుని ఆ కరిగిన ముక్కను చేతిలో పట్టుకుని చాలాసేపు చూశారు.

కాబట్టి మీరు పాత బ్యాటరీనే నిలబెట్టుకున్నా, కొత్తది కొన్నా, ఇంజిను నడుస్తుండగా ఒకసారి కొలవండి. మూడు నాలుగు వేల ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిను తిరిగే చుట్లు) దగ్గర 13.5 నుంచి 14.5 దాకా ఉంటే చార్జింగ్ బాగుంది. 13 కూడా రాకపోతే కాయిల్, ఆర్ఆర్, కప్లరు చూడాలి. 15 దాటితే ఆర్ఆర్ పాడై బ్యాటరీని ఉడికిస్తోందని అర్థం. చార్జింగ్ అవుతోందో లేదో చూడడానికి నడుస్తున్న ఇంజిను మీద బ్యాటరీ తీగ పీకి చూసేవారు ఇప్పటికీ ఉన్నారు. ఎవరైనా మీ బండికి అలా చేయబోతే చేయి పట్టుకుని ఆపండి. బ్యాటరీ లేనప్పుడు వోల్టేజి ఒక్కసారిగా ఎగిసి వేల రూపాయల కంప్యూటరు కాలిపోవచ్చు.

ట్రాకరు తాగుతున్న కరెంటు కూడా మీరే కొలవవచ్చు. తాళంచెవి బండి నుంచి తీసేసి, నెగెటివ్ తీగ విప్పి, మీటరును 10 ఆంపియర్ల అమరికలో పెట్టి, ఆ తీగకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య కలపండి. అంకె అతి తక్కువగా ఉందని తేలాక మిల్లీ ఆంపియర్లకు మార్చండి. మీటరు అలా ఉన్నప్పుడు తాళం తిప్పవద్దు, సెల్ఫ్ అసలే నొక్కవద్దు. మీటరు ఫ్యూజు పోతుంది. అంకె వచ్చాక ట్రాకరు ఫ్యూజు తీసి మళ్లీ చూడండి. రెండింటి తేడాయే ట్రాకరు వాటా.

కొనవలసే వస్తే, పేరు కన్నా తేదీ చూడండి. ఎక్సైడ్ అయినా, మన తిరుపతి దగ్గరి కరకంబాడిలో మొదలైన అమర రాజా వారి అమరాన్ అయినా, దుకాణం అరలో ఏడాది కూర్చున్నది మీకు వద్దు. బిల్లు రాయించే ముందు మీ మీటరుతోనే కొలవండి, 12.6 కంటే తక్కువ ఉంటే వేరొకటి అడగండి. ప్లస్ ఏ వైపు ఉందో పాతదానితో సరిచూడండి, లేకపోతే తీగ అందదు. యాసిడ్ విడిగా పోసే రకమైతే, పోసిన తరువాత అరగంట నాననిచ్చి, కొన్ని గంటలు మొదటి చార్జింగ్ పెట్టాకే బండికి ఎక్కించాలి. పోసిన పది నిమిషాలకే చేతికి ఇస్తే ఆ బ్యాటరీ ఆయుష్షు అక్కడే తగ్గిపోయినట్టు. పాతదాన్ని ఆ దుకాణానికే తిరిగి ఇవ్వండి, దానికి ధరలో కొంత తగ్గిస్తారు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం అది అధికారికంగా శుద్ధి చేసేవారికి చేరాలి. వీధిలో వచ్చే పాత సామాన్లవారికి ఇస్తే దాన్ని పగలగొట్టి, యాసిడ్ కాలువలో పోసి, సీసం కరిగించే చోటికి అమ్ముతారు. ఆ పొగ పీల్చే పిల్లల మెదడు మీద సీసం ప్రభావం చూపుతుంది. నలభై యాభై రూపాయల తేడా కోసం ఆ పని చేయవద్దని మిమ్మల్ని వేడుకుంటున్నాను.

మళ్లీ ఊరికి వెళ్లేటప్పుడు పది నంబరు స్పానరుతో నెగెటివ్ తీగ విప్పి, కొసకు గుడ్డ చుట్టి వెళ్లండి. గడియారం సమయం మళ్లీ పెట్టుకోవలసి వస్తుంది, అంతకు మించి నష్టం లేదు. ట్రాకరు తప్పనిసరిగా పనిచేస్తూ ఉండాలంటే ఇంట్లో ఎవరికైనా తాళం ఇచ్చి, వారానికి ఒకసారి అరగంట రోడ్డు మీద నడిపించండి; ఐదు నిమిషాలు స్టార్టు చేసి ఆపమని మాత్రం చెప్పవద్దు, స్టార్టుకు ఖర్చయినంత కూడా ఆ ఐదు నిమిషాల్లో తిరిగి రాకపోవచ్చు.

ముందు ఈ రాత్రికి చార్జింగ్ పెట్టండి. రాత్రంతా విశ్రాంతి ఇచ్చాక వచ్చిన వోల్టేజి, సెల్ఫ్ నొక్కినప్పుడు పడిపోయిన వోల్టేజి, బండి నడుస్తున్నప్పటి వోల్టేజి, ఈ మూడు అంకెలూ ఇక్కడ రాయండి. అవి చూశాక కొనాలో వద్దో కచ్చితంగా చెబుతాను.